ఇన్‌స్టాలేషన్ ఎవరి బాధ?

లినక్స్ మీద సోర్స్ కోడ్ దింపుకుని ఏదో ఒకటి ఎక్కించుకున్న ప్రతివాళ్ళకీ ఒక మూడు ముక్కల మంత్రం తెలిసే ఉంటుంది: కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు దీన్ని అర్థం తెలీకుండానే ఏళ్ళ తరబడి కొట్టేసినవాళ్ళం చాలామందిమి. ఆ మంత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ మధ్య కాస్త చదివాను. చదివాక తట్టిన సంగతే ఈ టపా.

1991 జూన్. డేవిడ్ మెకెన్జీ అనే ఆయన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తరఫున గ్నూ పనిముట్లు చాలావాటి బాగోగులు చూస్తున్నాడు. అప్పట్లో యూనిక్స్ అంటే ఒక్కటి కాదు. సన్ వాళ్ళదొకటి, హెచ్‌పీ వాళ్ళదొకటి, బర్క్‌లీ వాళ్ళదొకటి. ఒకదాంట్లో ఉన్న ఫంక్షన్ ఇంకోదాంట్లో ఉండదు. అందుకని ప్రోగ్రాం తెచ్చుకున్నవాడు ముందు మేక్‌ఫైల్ తెరిచి, తన మెషీన్లో ఏముందో ఏం లేదో తనే తేల్చుకుని, ఆప్షన్లు చేత్తో దిద్దుకోవాలి. అవి పెరిగి పెరిగి ఇరవై దాకా అయ్యాయట. తన మెషీను గురించి ఇరవై ప్రశ్నలకి జవాబు చెప్పగలిగినవాడు ఇంక కొత్తవాడెలా అవుతాడు?

మనుషుల్ని అడగడం మానేసి మెషీన్నే అడిగి చూసే చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి రాశాడు మెకెన్జీ. ఫైల్‌యుటిల్స్ 2.0తో పాటు దాన్ని బయటికి వదిలాడు. అదే తర్వాత ఆటోకాన్ఫ్ అయింది. (పెర్ల్ సృష్టికర్త లారీ వాల్ అంతకు ముందే ఇలాంటి స్క్రిప్టు రాశాడు, కాకపోతే అది మధ్య మధ్యలో ఆగి మనల్ని ప్రశ్నలు వేసేది.)

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, మెకెన్జీ ఈ కథంతా చెబుతూ ఆ ఇరవై ఆప్షన్ల బాధ ముఖ్యంగా తనదేనని దాచుకోకుండా రాశాడు. ప్రతి కొత్త విడుదలనీ రకరకాల మెషీన్ల మీద పరీక్షించాల్సింది ఆయనే కదా! అంటే ఆ స్క్రిప్టు కొత్తవాళ్ళ మీద జాలితో పుట్టలేదు. రాసేవాడి చెయ్యే కాలింది కాబట్టి పుట్టింది. కొత్తవాళ్ళకి జరిగిన మేలు కొసరు.

మరి రాసేవాడి చెయ్యి కాలకపోతే? డాక్యుమెంటేషన్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద తేదీ 1971 నవంబరు 3. రాసింది కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. ఒక్కో కమాండుకీ పేరు, వాడే తీరు, వివరణ, చివర్న ‘బగ్స్’ అంటూ దాని లోపాలు కూడా. తమ సరుకు లోపాలు తామే అచ్చేసుకోవడం ఇప్పటికీ గొప్ప సంగతే. కానీ అది అదే ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళ కోసం రాసిన పుస్తకం. కమాండు పేరు తెలిసినవాడికి అన్నీ దొరుకుతాయి, ఏ కమాండు కావాలో తెలీనివాడికి గుమ్మమే కనపడదు. గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలని ఇక్కణ్ణుంచి అమ్మకి ఫోన్ చేస్తే ‘నూనె తగినంత’ అంటుందే, అచ్చం అలా. అమ్మ తప్పేం లేదు, ఆవిడ చేతికి తెలుసు.

తర్వాత చాలా వచ్చాయి. 1993లో స్లాక్‌వేర్ ఫ్లాపీల కట్టలు, ‘హౌ టు’ పత్రాలు, 1999లో డెబియన్ 2.1తో ఆప్ట్. ఒక్క కమాండుతో ప్రోగ్రాము, దానికి కావలసినవీ అన్నీ వచ్చేస్తాయి. అయినా 2004లో ఎరిక్ రేమండ్ అంతటివాడు తన భార్య కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్‌ని వాడుకోబోయి, కప్స్ సెట్టింగులతో విసిగిపోయి ఏకంగా ఒక వ్యాసం రాసి కడిగేశాడు. ఓపెన్ సోర్స్‌ని ఊరూవాడా చాటింది ఆయనే మరి.

ఇక పైథాన్. ప్రపంచమంతా మొదటి పాఠంగా చెప్పుకునే భాష. విండోస్‌లో దాన్ని ఎక్కించాక, అదెక్కడుందో విండోస్‌కి తెలియాలంటే ‘పాత్’లో చేర్చాలి. ఆ పని తనే చేసిపెట్టే ఆప్షన్ ఇన్‌స్టాలర్‌లోకి వచ్చింది 2012లో, 3.3 వెర్షన్‌తో. అది కూడా మనం ఎంచుకుంటేనే. లైబ్రరీలు దింపే పిప్ పైథాన్‌తో పాటే రావడం 2014లో, 3.4తో. అప్పటిదాకా పిప్ ఎలా ఎక్కించుకోవాలో ప్రతి ట్యుటోరియల్ విడిగా చెప్పుకోవాల్సి వచ్చేది. 1991లో మొదటి కోడ్ బయటికొచ్చిన భాషకి ఈ చిన్న పనులకి ఇరవై ఏళ్ళు పైన పట్టింది. చెయ్యగలిగినవాళ్ళకి అది జీవితంలో ఒక్కసారి వచ్చే అవస్థ. దాటేశాక గుర్తుండదు.

2016లో మా పిన్ని కొడుకు తెనాలిలో డిగ్రీ చదువుతూ, ఒక రాత్రి ఫోన్ చేశాడు. “అన్నయ్యా, నాకు ప్రోగ్రామింగ్ రాదులే, బ్యాంకు పరీక్షలకి కడతా” అన్నాడు. ఏమైందిరా అంటే, పైథాన్ ఎక్కించాడట, టైపు చేస్తే అలాంటి కమాండే లేదంటోందట. వారం రోజులు అదే తంతు. వాడు ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు, అప్పుడే రాదని తేల్చేసుకున్నాడు! ఇన్‌స్టాలర్ మళ్ళీ నడిపించి, మొదటి తెర అడుగున ఉన్న గడిలో టిక్కు పెట్టించాను. అయిదు నిమిషాల పని. ఇలా ఫోన్ చెయ్యడానికి అన్నయ్య లేనివాళ్ళు ఎంతమంది ఆ వారం తర్వాత బ్యాంకు పరీక్షలకి కట్టుంటారో.

వాడు మర్నాడే ఆ గడి సంగతి బొమ్మతో సహా తెలుగులో ఒక కాయితం మీద రాసి, కాలేజీ ల్యాబ్ గోడకి అంటించాడు. నేను చూసిన ఇన్‌స్టాలేషన్ గైడుల్లో అంత మంచిది ఇంకోటి లేదు. ఇప్పుడు వాడు హైదరాబాదులో డెవలపర్. మొన్న మాటల్లో ఆ కాయితం ఇంకా ఉందా అని అడిగాను.

“ఏ కాయితం అన్నయ్యా?” అన్నాడు.