బుగ్గకారు వెనుక గోడలు

బుగ్గకారు అనగానే తెలుగువారి కళ్ల ముందు మెదిలేది తెల్లని అంబాసిడరే. కలెక్టరు, మంత్రి, ముఖ్యమంత్రి: హోదాలు వేరైనా బండి ఒక్కటే. దానిని స్వదేశీకి ప్రతీకగా కీర్తించేవారు నేటికీ ఉన్నారు. నిజానికి అది బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1958 నాటికి ఇక్కడ అంబాసిడర్ అయింది.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలైంది నేటి గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో. 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలింది. దిగుమతులపై ఆంక్షలు, ఉత్పత్తికి లైసెన్సులు, ఈ రెండు గోడల మధ్య అంబాసిడర్ పెరిగింది. సొమ్ము కట్టినవారు ఏళ్ల తరబడి వేచి చూశారు. మార్క్-2, 3, 4 అంటూ అంకెలు మారాయి గానీ రూపం పెద్దగా మారలేదు. ఈ నేరం కంపెనీ ఒక్కదానిదే కాదు. గోడలు కట్టిందీ, ముఖ్యమైన ఖాతాదారుగా నిలిచిందీ ప్రభుత్వమే.

గోడకు తొలి గండి 1983 డిసెంబరులో మారుతి 800 రూపంలో పడింది. విడ్డూరమేమంటే, మారుతి కూడా నాడు ప్రభుత్వ సంస్థే. పరిశ్రమల శాఖను తన వద్దే ఉంచుకున్న పి.వి. నరసింహారావు 1991లో లైసెన్సుల విధానాన్ని చాలావరకు ఎత్తివేసినప్పుడు కార్లు మాత్రం ఆ చట్రంలోనే మిగిలాయి. 1993లో ఆ ముసుగూ తొలగింది. ఇసుజు ఇంజను అమర్చుకుని అంబాసిడర్ కొంతకాలం పెనుగులాడింది. పార్లమెంటుపై దాడి తరువాతి ఏళ్లలో ప్రధాని వాజపేయి వాహనశ్రేణిలోకి బీఎండబ్ల్యూ వచ్చింది. ఏలినవారే దిగిపోయాక బండికి దిక్కెవరు?

ఆస్ట్రేలియాలో హోల్డెన్ కమడోర్‌దీ ఇటువంటి గతే. 1978లో వచ్చిన ఆ కుటుంబ కారును సుంకాలు, ఆపై సబ్సిడీలు నిలబెట్టాయి. అయితే ఉత్పత్తి ఆపుతామని జనరల్ మోటార్స్ 2013 డిసెంబరులో ప్రకటించింది. ఎలిజబెత్ కర్మాగారం 2017 అక్టోబరు 20న మూతపడింది. కార్మికులకు దాదాపు నాలుగేళ్ల వ్యవధి దొరికింది. ఉత్తరపారాలో 2014 మే 24న పని నిలిపివేత నోటీసు వెలువడింది. రెండు వేల పైచిలుకు కుటుంబాల బతుకు ఆ కాగితంతో ఆగింది.

2008లో టాటా నానో బెంగాల్‌లోని సింగూరును వీడి గుజరాత్‌లోని సాణంద్‌కు చేరింది. ఓఖా నుంచి వెళ్లిన పరిశ్రమ అరవై ఏళ్లకు ఎదురుదారి పట్టిందన్నమాట. సింగూరు దేశమంతటా రాజకీయ చర్చ అయింది, ఉత్తరపారా కాలేదు. 2017లో అంబాసిడర్ పేరును ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.