ప్రజాబోధ – అంటువ్యాధుల గణితము

అంటువ్యాధుల గతిని గణితముచే కొలుచు శాస్త్రమునకు బెంగళూరు, సికింద్రాబాదు నగరములతో సంబంధము కలదు. 1895లో బెంగళూరున కలరా వ్యాపింపగా పారిశుద్ధ్య కార్యమునకై రొనాల్డ్ రాస్ ఇచ్చటికి వచ్చెను. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొన్నవాడు ఈతడే. దోమల నన్నిటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక మేరకు దిగువగా తగ్గించినచో వ్యాధి క్షీణించుననియు ఆయన పిదప గణితముచే నిరూపించెను.

1898లో బెంగళూరును ప్లేగు పీడించెను. నిర్బంధమునకు వెరచి రోగులను దాచుట ఆ కాలమున దేశములో పలుచోట్ల జరిగినది. దాచిన రోగి ఏ లెక్కకును చిక్కడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అను శాస్త్రజ్ఞులు తమ సమీకరణమును బొంబాయి ప్లేగు మరణముల లెక్కలతో సరిపోల్చిరి. వీరిలో మెకెండ్రిక్ భారత వైద్యసేవలో పనిచేసినవాడు.

ఈ గణితమున ప్రజాబోధకు స్థానమేమి? ఒక రోగి వలన ఇద్దరికి వ్యాధి సోకుననుకొందము. నూటికి 80 మందికి బోధ అంది, వారు తమకు వ్యాధి సోకు అవకాశమును సగము తగ్గించుకొన్నచో, మొత్తము తగ్గుదల నూటికి 40. అప్పుడు ఒక రోగి వలన 1.2 మందికి సోకును. వ్యాధి పెరుగుచునే యుండును. అదే ఎనుబది మంది ముప్పాతిక వంతు జాగ్రత్తపడినచో ఆ సంఖ్య 0.8కి దిగి వ్యాధి అణగును. కనుక విన్నవారి సంఖ్య ఒక్కటే చాలదు. విన్నది ఆచరణలోనికి రావలెను.

ఎరుకయు వ్యాధివలెనే మనిషినుండి మనిషికి ప్రాకుననియు, చేతులు మారినకొలది దాని నాణ్యము తగ్గుననియు తలచి 2009లో ఫంక్ ప్రభృతులు ఒక నమూనాను రచించిరి. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఇండ్లు, పాఠశాలలు, పనిచోట్లతో కూడిన నగరమును గణనయంత్రమున నిర్మించి, నివారణోపాయముల ఫలితమును అంచనా వేసిరి.

1970ల దశకమునుండి పెరిగిన పీణ్య పారిశ్రామికవాడ అట్టి పనిచోట్ల సముదాయము. నానాభాషల కార్మికులు అచ్చట ఒకే కప్పు క్రింద పనిచేయుదురు. అర్థముకాని భాషలో గోడపై అంటించిన ప్రకటన కంటబడినను బోధ కానేరదు. తన భాషలో, తాను నమ్మిన వానినోట విన్నమాటయే నడవడిని మార్చును. బోధ అందిన ఆ ఎనుబది మందిలో మన తెలుగు కార్మికుని చేర్చుట, ఆ మాట చెడకుండ చేరవేయుట తెలుగు సంఘముల ధర్మము.