సురభి నాటకం: తెర ముందు, తెర వెనుక

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం ఆడిన ‘కీచకవధ’తో సురభి నాటక సమాజం మొదలైంది. ఊరి పేరే సమాజానికి పేరైంది. అంతకుముందు ఆ కుటుంబాలవారిది తోలుబొమ్మలాట. ఆడవేషాలు మగవారే కట్టే రోజుల్లో సురభి స్త్రీలు రంగస్థలం ఎక్కారు.

ఊరూరా తిరిగే సమాజంలో నటన ఒక్కటే వస్తే చాలదు. పందిరి వేయడం, తెరలు కట్టడం, మేకప్, హార్మోనియం, దీపాలు, టికెట్ల అమ్మకం అన్నీ ఇంటిల్లిపాది పనులే. ఒక రంగంలో రాజుగా కనిపించినవాడు మరుసటి రంగంలో తెర తాడు లాగుతాడు. పిల్లలు చిన్న వేషాలతో మొదలుపెట్టి, పెద్దల పక్కన నిలబడి తక్కిన పనులు నేర్చుకుంటారు.

అసలు పరీక్ష ట్రిక్కు సన్నివేశాల్లో ఎదురవుతుంది. నారదుడు మేఘాల మీంచి దిగాలి, బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలాలి. వీటిని నడిపే తీగ పట్టుకున్నవాడికి నాటకమంతా కంఠతా వచ్చి ఉండాలి. నటుడు రాగం సాగదీసినా, జనం ‘వన్స్ మోర్’ అన్నా అతను ఆగాలి. పద్యం ముగిసిన క్షణంలోనే బాణం వదలాలి.

సినిమా వచ్చాక ఆదరణ తగ్గి, పదుల సంఖ్యలో ఉన్న సురభి బృందాల్లో కొన్నే మిగిలాయి. పలు కుటుంబాలు హైదరాబాద్ లింగంపల్లిలో స్థిరపడ్డాయి. 1990లలో రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ ఈ కళాకారులతో కొత్త నాటకాలు చేయించారు. సురభి బాబ్జీగా పేరొందిన నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించింది.