నిక్షేపానంతర అవశేష అయస్కాంతత్వం

నీటి అడుగున పేరుకున్న బురదలోని సూక్ష్మ అయస్కాంత రేణువులు, ముఖ్యంగా మాగ్నెటైట్, బురద బిగుసుకునేలోగా భూ అయస్కాంత క్షేత్రం వైపు తిరిగి అలాగే నిలిచిపోవడం వల్ల కలిగే అయస్కాంతత్వం. రేణువు నీటిలో దిగుతుండగానే ఏర్పడే అయస్కాంతత్వం దీనికి భిన్నమైనదని చెబుతారు గానీ, ప్రకృతిలో రెంటినీ విడదీయడం తేలిక కాదు.

అవపాత దోషం దగ్గర చర్చ మొదలైంది: క్షేత్ర దిశ క్షితిజ తలంతో చేసే అవపాత కోణం, పొరలో అసలుకంటే తక్కువగా నమోదవడమే ఈ దోషం. 1955లో ఆర్.ఎఫ్. కింగ్ ప్రయోగశాలలో మళ్లీ పేర్చిన మట్టిలో అవపాత కోణపు టాంజెంటు, అసలు క్షేత్రపు విలువలో సుమారు 0.4 వంతే వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. 17° ఉత్తర అక్షాంశాన, అంటే రాజమహేంద్రవరం దగ్గర, ద్విధ్రువ క్షేత్రం లెక్కన అవపాతం 31° ఉండాలి. ఈ దోషముంటే పొర 14° చూపుతుంది. దాన్ని నమ్మితే ఊరు 7° అక్షాంశానికి జారిపోతుంది. అయితే లోతు సముద్రపు అవక్షేపాల్లో చాలావాటిలో ఇంత దోషం కనబడలేదు. పేరుకున్నాక రేణువులు సర్దుకుంటాయన్న అభిప్రాయం అందువల్లే బలపడింది. 1964లో ఇర్వింగ్, మేజర్ మాగ్నెటైట్ కలిపిన ఇసుకను నీటితో తడిపి అది సాధ్యమేనని చూపారు. 1973లో డెన్నిస్ కెంట్, అడుగున పురుగులు కెలికే తీరును అనుకరిస్తూ, సముద్రపు బురదను కలియబెట్టి క్షేత్రంలో ఆరనిచ్చారు. దిశ సరిగ్గా వచ్చింది.

ఎంత లోతున రేణువులు బిగుస్తాయన్నదే అసలు వివాదం. 1990లో డిమెనోకాల్ బృందం సుమారు 16 సెం.మీ. అంది, 1996లో టాక్స్ బృందం ఆలస్యం స్వల్పమేనని వాదించింది. 2010లో సుగనుమా బృందం చూపిన బెరీలియం-10 సాక్ష్యం ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. క్షేత్రం బలహీనపడ్డప్పుడు విశ్వకిరణాల వల్ల ఈ ఐసోటోపు ఎక్కువగా పుట్టి, అప్పటి బురదతోనే అడుగుకు చేరుతుంది. అదే సముద్రగర్భ కోర్‌లో అయస్కాంత తిరోగమనం, అంటే క్షేత్రం దిశ తలకిందులవడం, ఆ ఐసోటోపు పెరుగుదల కంటే దాదాపు 15 సెం.మీ. కింది, అంటే అంతకు ముందే పేరుకున్న, పొరలో నమోదై ఉంది. వెయ్యేళ్లకు 1 సెం.మీ. చొప్పున పేరుకునే చోట ఆ తేడా 15 వేల ఏళ్లు. ఇలాంటి తేడా కాలనిర్ణయాన్నీ మారుస్తుంది: ఆ కోర్‌లోని మతుయామా–బ్రూన్స్ తిరోగమనాన్ని చాలాకాలం 7.8 లక్షల ఏళ్ల నాటిదని లెక్కవేశారు, ఇప్పుడు 7.73 లక్షల వైపు మొగ్గుతున్నారు.

ఈ అయస్కాంతత్వం చెరగకుండా నిలవడం వేరే సంగతి. ఆక్సిజన్ లేని బురదలో సల్ఫైడు మాగ్నెటైట్‌ను కరిగిస్తుంది. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో తీసిన సముద్రగర్భ నమూనాల్లో, తర్వాత పుట్టిన గ్రెయిగైట్ అనే అయస్కాంత ఇనుప సల్ఫైడు ఖనిజం కనబడింది. అది తాను పెరిగిన నాటి క్షేత్రాన్నే చూపుతుంది, బురద పేరుకున్న నాటిది కాదు.