పెరట్లో రైలుబండి

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. కరువు భత్యం గురించి, పెన్షన్ రివిజన్ గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కనుక నేను పెరట్లో రైలు గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వారు. మా వీధిలోవాళ్లూ మొదట నవ్వినవాళ్లే.

నేను మీటర్ గేజిలో పి.డబ్ల్యు.ఐ.గా పనిచేసినవాణ్ణి. గుంటూరు - గుంతకల్లు లైను, అందులోనూ నల్లమల ఘాట్, నాకు తెలిసినంతగా నా ఇల్లు నాకు తెలియదని మా ఇంటావిడ దెప్పుతుండేది. 1990లలో ఆ లైను బ్రాడ్ గేజి అయింది. ఘాట్‌లో దారి మారింది. దొరబావి వంతెన మీద రైలు నడవడం ఆగిపోయింది. ప్రయాణికులకు మేలే జరిగింది, కాదనను. కానీ ఇన్నేళ్లూ కాపాడిన పట్టాలను పీకి లారీలకెత్తుతుంటే చూడలేక ఆ వేళ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

రిటైరయ్యాక కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాం. లాస్ ఏంజిలస్‌లోని గ్రిఫిత్ పార్కులో వాడు నాకొక కొయ్య షెడ్డు చూపించాడు. మిక్కీ మౌస్ సినిమాలు తీసిన వాల్ట్ డిస్నీ తన పెరటి రైలు కోసం కట్టుకున్న షెడ్డు అది. 1999లో అక్కడికి తెచ్చి జనం చూడటానికి పెట్టారు. మిగతావాళ్లు ఫొటోలు తీసుకుంటుంటే నేను ఆ రైలు కథంతా అడిగి తెలుసుకున్నాను. తర్వాత పుస్తకాలు కూడా చదివాను.

డిస్నీ 1917లో, పదిహేనేళ్ల కుర్రాడుగా, రైళ్లలో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. ఆ పిచ్చి పోలేదు. 1948లో షికాగోలో జరిగిన రైల్వే ప్రదర్శనకు తన దగ్గర బొమ్మలు గీసే వార్డ్ కింబాల్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఈ కింబాల్ అప్పటికే తన పెరట్లో అసలు సైజు నేరో గేజి ఇంజన్నే పెట్టుకున్న ఘనుడు! తిరిగొచ్చాక డిస్నీ కొత్త ఇంటి కోసం స్థలం కొన్నాడు. ఇంటి ప్లానుతో పాటే రైలు లైను ప్లానూ వేయించాడు. స్టూడియో వర్క్‌షాపు పెద్ద రోజర్ బ్రాగీ, అతని మనుషులు ఎనిమిదో వంతు సైజులో ఆవిరి ఇంజన్ తయారుచేశారు. భార్య లిలియన్ పేరు కలిసివచ్చేలా దానికి లిల్లీ బెల్ అని పేరు పెట్టాడు. గేజి ఏడుంబావు అంగుళాలు, లైను దాదాపు అర మైలు. బండి వెనకాల వచ్చే గార్డు పెట్టెను మాత్రం తన చేతులతోనే చేసుకున్నాడు. 1950లో బండి నడిచింది.

ఆవిడ పూలతోట చెడకూడదని దాని కింద 90 అడుగుల సొరంగం తవ్వించాడు, అదీ వంకరగా, లోపలికి వెళ్లినవాడికి అవతలి వెలుతురు కనపడకుండా. పైగా లైను పోయే దారి మీద తనకు హక్కు ఉందని భార్యాపిల్లలతో ఒప్పంద పత్రం మీద సంతకాలు చేయించుకున్నాడు. ఈ సంగతి మా ఇంటావిడకు చెప్పడం నా పొరపాటు.

1953లో అతిథి ఒకాయన బండి నడుపుతూ వంపులో వేగం తగ్గించలేదు. ఇంజన్ ఒరిగిపోయి, కూత ఊడి, ఆవిరి చిమ్మింది. చూడటానికి పరిగెత్తిన అయిదేళ్ల పాపకు కాళ్లు కాలాయి. పెద్ద గాయం కాదు. అయినా డిస్నీ బండి ఆపేశాడు, మళ్లీ ఆ పెరట్లో నడపలేదు. 1955లో తెరిచిన డిస్నీలాండ్‌లో మూడడుగుల గేజి లైను వేయించినప్పుడు మొదటి ఇంజనుకు ఈ లిల్లీ బెల్ నమూనాయే ఆధారం. ఆయన పోయింది 1966 డిసెంబరులో. మన దక్షిణ మధ్య రైల్వే పుట్టింది ఆ ఏడాది అక్టోబరు 2నే.

మనలాంటివాళ్లకు అంత తాహతు ఎక్కడిది? మనకు అందేది జర్మనీ వారి ఎల్.జి.బి. బండి. 1968లో మార్కెట్లోకి వచ్చింది. ఎండకూ వానకూ తట్టుకునేలా చేశారు. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, సైజు ఇరవై రెండున్నర వంతుల్లో ఒకటి. గుణించి చూడండి, 1012 పైచిలుకు వస్తుంది. అంటే మన మీటర్ గేజే! ఆ లెక్క కాగితం మీద చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అబ్బాయి ఇంజనూ, కొంత పట్టా కొనిచ్చాడు. ఎంతయిందో ఇక్కడ రాయను, ఈ సంచిక మా ఇంటికీ వస్తుంది.

ఇంటావిడ ఒప్పందం కాగితం అడిగింది. మా మనవరాలు రాసిపెట్టింది. మల్లెపందిరికి రెండడుగుల దూరం, తులసికోట చుట్టూ పట్టా వేయరాదు, నీళ్లు పెట్టే వేళ బండి ఆపాలి. ముగ్గురం సంతకాలు చేశాం.

మట్టి దిమ్మిస కొట్టి, చిన్న కంకర పరిచి, వంపులో బయటి పట్టా కాస్త ఎత్తుపెట్టి, పన్నెండు మీటర్ల లైను వేశాను. మొదటి మే నెలలోనే మధ్యాహ్నం పట్టా పాములా మెలిపడింది. ఇత్తడి పట్టా ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. 30 డిగ్రీల తేడాకు పన్నెండు మీటర్లలో సుమారు 7 మిల్లీమీటర్లు. నేను జాయింట్లలో సందు వదల్లేదు! సర్వీసంతా గ్యాంగులకు ఆ సందు గురించే చెప్పి విసిగించినవాణ్ణి. ఎవరికీ చెప్పకుండా మర్నాడు తెల్లవారుజామునే లేచి పట్టా ఊడదీసి మళ్లీ వేశాను.

కిందటి సంక్రాంతికి మా సెక్షన్‌లో కీమన్‌గా పనిచేసిన ఆయన చూడటానికి వచ్చాడు. మోకాళ్లు సహకరించకపోయినా కిందకు వంగి, బండి వైపు చూడకుండా పట్టా వెంటే చెయ్యి పోనిస్తూ పందిరి దాకా వెళ్లాడు. అక్కడ ఆగి తలెత్తి, "ఇన్‌స్పెక్టరు గారూ, ఇక్కడ ఫిష్‌ప్లేటు వదులైంది, కాస్త బిగించండి" అన్నాడు.