బటవాడా తేదీ, అరువు ఖాతా: ఖరగ్‌పూర్ చిరువ్యాపారుల రొక్కపు లెక్క

సొంతంగా పని చేసుకుని బతికేవారు రాబోయే వారాల్లో ఏ తేదీకి ఎంత రొక్కం చేతికి వస్తుందో, ఏ తేదీకి ఎంత చెల్లించాలో ముందుగా వేసుకునే లెక్కను నేటి వాణిజ్యశాస్త్రం నగదు ప్రవాహ అంచనా అంటున్నది. ఇది లాభనష్టాల లెక్క కాదు. పుస్తకంలో లాభం కనిపిస్తుండగానే చేతిలో పైసా లేక దుకాణం మూతపడవచ్చు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఈ లెక్కకు ఒక విచిత్రమైన ఆధారం ఉండేది: అక్కడి దర్జీ, టిఫిన్లు అమ్మే స్త్రీ, కిరాణా వర్తకుడు తమ రాబడిని సరుకు అమ్ముడుపోయే తీరును బట్టి కాక, రైల్వే జీతాల బటవాడా తేదీని బట్టి అంచనా వేసుకోవలసి వచ్చింది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే తెలుగువారు బి.ఎన్.ఆర్. అని పిలుచుకున్న కంపెనీ, ఇక్కడ జంక్షనునూ పెద్ద వర్క్‌షాపునూ నెలకొల్పింది; తూర్పుతీర రైలుమార్గంలో కటకం నుంచి వాల్తేరు వరకున్న ఉత్తరభాగం 1902లో దాని చేతికి రావడంతో, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పనికోసం బయలుదేరిన తెలుగువారికి ఈ ఊరు ఒకే కంపెనీ దారిలో దొరికే కొలువైంది. ఊరిలో తిరిగే రూపాయల్లో సింహభాగం కంపెనీ ఖజానా నుంచే రావడం వల్ల గోల్‌బజారు వర్తకుడికి కొనుగోలుదార్లు వందలమంది ఉన్నా, రాబడికి మూలం మాత్రం ఒక్కటే.

ఇటువంటి ఊళ్లో అమ్మకం నెల పొడుగునా సాగుతుంది, వసూలు మాత్రం జీతాల తరువాతి కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. రోజువారీ లావాదేవీలు రాసే చిట్టా, వాటిని మనిషివారీగా విడదీసి చూపే ఆవర్జా అనే పాత పద్దు పుస్తకాలు జరిగిన సంగతినే చెబుతాయి; జరగబోయేదాన్ని వర్తకుడు మనసులోనే లెక్కగట్టుకునేవాడు. ఎవరి అరువు ఈ నెల తీరుతుంది, ఎవరిది పై నెలకు జారుతుంది, టోకు వర్తకుడి గడువు అంతకు ముందే వస్తుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే అంచనా దాదాపు పూర్తయినట్లే. బెంగాల్‌లో పొయిలా బొయిషాఖ్ నాడు కొత్త పద్దు పుస్తకం తెరిచి, ఖాతాదార్లను పిలిచి మిఠాయి పెట్టి పాత బాకీ రాబట్టుకునే హాల్‌ఖాతా ఆచారం ఏడాదికొకసారి జరిగే పెద్ద వసూలు; వడ్డీ మాట ఎత్తకుండా బాకీని గుర్తు చేయడానికి ఇంతకంటె మర్యాదైన ఉపాయం దొరకడం కష్టం.

జీతంమీద చిరువ్యాపారికంటె ముందు చేయి వేసేవాడు వడ్డీవ్యాపారి. విట్లీ కమిషన్‌గా పేరొందిన రాయల్ లేబర్ కమిషన్, పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా శ్రామికులు అప్పుల్లో ఉన్నారనీ, వారిలో అత్యధికుల అప్పు మూడు నెలల జీతాన్ని మించినదనీ 1931 నివేదికలో అంచనా కట్టింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, వెయ్యిమందికి తక్కువ పనివారున్న చోట ఏడు రోజుల్లోగా, అంతకు మించినచోట పది రోజుల్లోగా జీతం ఇచ్చి తీరాలని గడువు పెట్టింది. శ్రామికుడికోసం చేసిన ఈ చట్టం అతనికి అరువిచ్చే వర్తకుడి లెక్కకూ ఒక స్థిరమైన తేదీని సమకూర్చింది.

అయితే ఒకే మూలంపై నిలిచిన అంచనా ఆ మూలం ఎండితే ఒక్కసారిగా కూలుతుంది. 1927లో ఫిబ్రవరి సమ్మె తరువాత, ఉద్యోగుల తొలగింపుపై రేగిన వివాదంలో సెప్టెంబరు నుంచి సుమారు మూడు నెలలు వర్క్‌షాపు లాకౌట్‌లో ఉండిపోయింది. ఆ పోరాటకాలంలో బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వం వహించినవారిలో తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. కార్మిక చరిత్రలు ఆ నెలలను సంఘబలం కోణం నుంచే చూస్తాయి, అది సహజమే. కాని మూడు బటవాడాలు తప్పితే అరువిచ్చిన దుకాణం కూడా, పేరుకు చెప్పకపోయినా, సమ్మెనిధిలో వాటాదారైనట్లే. 1974 మే 8 నుంచి 27 వరకు దేశమంతటా జరిగిన రైల్వే సమ్మె ఇదే సమస్యను మళ్లీ తెచ్చిపెట్టింది.

రైల్వేలో 1979-80 నుంచి అమలైన ఉత్పాదకత ఆధారిత బోనస్ ఈ లెక్కకు మరో శిఖరాన్ని చేర్చింది. దసరాకు, అంటే బెంగాలీల దుర్గాపూజకు, ముందు అది ఉద్యోగుల చేతికి వస్తుంది. కాని ఆ డబ్బు తన మిషను దగ్గరకు చేరేలోపు దర్జీ దారం, లైనింగు గుడ్డ, గుండీలు కొనాలి, సాయానికి పెట్టుకున్న పనివాడికి కూలి ఇవ్వాలి, కనుక ఏడాదిలో అతనికి అన్నిటికంటె ఎక్కువ రాబడి తెచ్చే పండుగకు ముందటి వారాలే రొక్కానికి అన్నిటికంటె ఎక్కువ కటకట పడే వారాలు.