చెరువు తగ్గే కాలం: కార్జపు జలగ వ్యాప్తిలో వాతావరణం, పరిసరాల పాత్ర

వ్యాస ఉద్దేశం

పశువుల పరాన్నజీవులపై వాతావరణ ప్రభావం గురించి జరిగే చర్చ చాలావరకు ఉష్ణోగ్రత చుట్టూనే తిరుగుతుంది. ఎండలు ముదిరితే పురుగులు పెరుగుతాయన్న సూత్రం చెప్పడానికి తేలికే గానీ క్షేత్రంలో నిలవదు. పరాన్నజీవికీ పశువుకీ నడుమ మరో ప్రాణి ఉన్నప్పుడు వాతావరణం ముందుగా ఆ ప్రాణి నివాసాన్ని మారుస్తుంది. ఆ నివాసం దగ్గరికి పశువు ఎప్పుడు చేరుతుందన్నది మనిషి నీటినీ మేతనూ వాడుకునే తీరును బట్టి ఉంటుంది. గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెల కాలేయాన్ని దెబ్బతీసే కార్జపు జలగ ఆధారంగా ఈ వాదాన్ని పరిశీలిస్తున్నాను.

జీవితచక్రం

జలగ గుడ్లు పేడతో బయటపడి నీటిలో పొదుగుతాయి. గుడ్డు నుంచి వచ్చిన డింభకం కొద్ది గంటల్లోనే తగిన జాతి నత్తను వెతుక్కోవాలి, దొరక్కపోతే చనిపోతుంది. నత్త శరీరంలో ఒక్క డింభకం నుంచి వందల కొద్దీ కొత్త డింభకాలు తయారవుతాయి. అవి బయటికి వచ్చి, నీటి అంచు గడ్డి మీదా నీట మునిగిన వరి దుబ్బుల మీదా కోశాలు కట్టుకుంటాయి. తేమ ఉంటే ఆ కోశాలు నెలల తరబడి బతుకుతాయి. ఎండకు, పొడికి త్వరగా నశిస్తాయి. గడ్డితోపాటు వాటిని మింగిన పశువులో పిల్ల జలగలు కాలేయాన్ని తొలుచుకుంటూ పోయి పిత్తనాళాల్లో స్థిరపడతాయి. పశువు బక్కచిక్కుతుంది, రక్తహీనత వస్తుంది, దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి. పిల్ల జలగలు ఒక్కసారిగా ఎక్కువైతే గొర్రెలు ఏ లక్షణమూ చూపకుండానే చనిపోతాయి.

ఈ చక్రాన్ని 1880ల తొలి ఏళ్లలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్జెర్నాన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ ల్యూకార్ట్ ఎవరికి వారుగా ఛేదించారు. థామస్ పరిశోధనకు ప్రేరణ ఒక వాతావరణ విపత్తే. 1879 నాటి ఎడతెగని వానల తర్వాత బ్రిటన్‌లో ఈ జబ్బుకు సుమారు 30 లక్షల గొర్రెలు బలయ్యాయి.

ఆంగ్లెసీ సూత్రం

శీతల దేశాల్లో కనిపించే జాతి ఫాసియోలా హెపాటికా. దాన్ని మోసే గాల్బా ట్రంకాట్యులా నత్త లోతు నీటిలో కాక తడి బురదలో బతుకుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దాటితేనే నత్త సంతానోత్పత్తి గానీ, జలగ ఎదుగుదల గానీ సాగుతుంది. బ్రిటన్‌లో మే నుంచి అక్టోబరు వరకు వేడి చాలినంత ఉంటుంది కాబట్టి, ఆ నెలల్లో నేల ఎంత తడిగా ఉందన్నదే నిర్ణాయకం. ఒలరెన్‌షా, రోలాండ్స్ 1959లో వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవి కోసం రూపొందించిన ముందస్తు అంచనా పద్ధతికి ఇదే పునాది. వాన పడిన రోజుల సంఖ్య, వర్షపాతం, నేల నుంచీ మొక్కల నుంచీ ఆవిరయ్యే తేమ అనే మూడు అంశాలతో నెలవారీ సూచిక కట్టి, చలికాలంలో జబ్బు ఎంత తీవ్రంగా ఉంటుందో శరదృతువులోనే చెప్పగలిగారు. ఇదే సూచికను వాతావరణ అంచనాలకు జోడించి 2011లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం, 2050 నాటికి వేల్స్‌లో తీవ్ర వ్యాప్తి మామూలైపోవచ్చని హెచ్చరించింది.

చెరువుల నేలలో వేరే లెక్క

మన దగ్గర ప్రధాన జాతి ఫాసియోలా జైగాంటికా. ఇది లిమ్నియా కుటుంబపు నీటి నత్తల్లో పెరుగుతుంది. ఈ నత్తలకు నిలవ నీరు కావాలి. చెరువులు, కాలువలు, వరి మళ్లు వాటి ఇళ్లు. వెచ్చదనం మనకు ఏడాది పొడవునా ఉన్నదే కనుక ఇక్కడ అదుపు చేసేది నీరే. అయితే నీరు ఎక్కువైనప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు ప్రమాదం ముదురుతుంది. వానాకాలంలో నత్తలు వృద్ధి చెందుతాయి, వానలు వెనకపట్టే సరికి వాటి నుంచి డింభకాలు విడుదలవుతాయి. చెరువు వెనక్కి జరిగేకొద్దీ కోశాలు అంటుకున్న పచ్చిక బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే మెట్ట మీద మేత ఎండిపోయి మందలు చెరువు శిఖంలోకి దిగుతాయి. కరువు ఏడాదిలో పచ్చగా మిగిలేది ఆ కాస్త నేలే కాబట్టి ఒత్తిడి మరింత పెరుగుతుంది. తడి వేసవి బ్రిటన్ గొర్రెకు ముప్పయితే, ఎండుతున్న చెరువు మన గొర్రెకు ముప్పు. ఆంగ్లెసీ సూత్రంలో వాన ఉంది, ఆవిరి ఉంది, చెరువు లేదు. దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం.

చర్చ

ఈ తేడా మందు వేసే తేదీని మారుస్తుంది. ఆక్సిక్లోజనైడ్ వంటి మందులు ప్రధానంగా ఎదిగిన జలగలపైనే పనిచేస్తాయి. జైగాంటికా పశువులోకి చేరాక గుడ్లు పెట్టే దశకు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. సంక్రమణ మొదలైన వెంటనే ఆ మందు తాగిస్తే పిల్ల జలగలు మిగిలిపోతాయి. పిల్ల జలగలనూ చంపే ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు ఆస్ట్రేలియాలో ఉన్నట్టు 1995లోనే వెల్లడైంది. ఎప్పుడు పడితే అప్పుడు తాగించడం ఏ మందుకైనా ఆయువు తగ్గిస్తుంది. అందుకే నట్టల మందు క్యాలెండరును చెరువు నీటి మట్టంతో ముడిపెట్టాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

దీని అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంతో ఇతర రాష్ట్రాల మందలు తెలంగాణ పల్లెలకు చేరాయి. అంతకు ముందే, 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పునరుద్ధరణ మొదలైంది. చెరువులో నీరు ఎక్కువ నెలలు నిలవడం సాగుకూ భూగర్భ జలాలకూ మేలే. ఆ మేలు నత్తకూ అందుతుంది గనుక వ్యాధి కాలం కూడా జరగవచ్చు, సాగవచ్చు. చెరువుల ప్రణాళికలో పశువైద్యుడికీ చోటుండాలని అనడానికి కారణం ఇదే.

ముగింపు

వాతావరణం పరాన్నజీవిని నేరుగా నడపదు; నీటి ద్వారా, నత్త ద్వారా, మేత ద్వారా నడుపుతుంది. కాబట్టి అంచనా జిల్లా సగటు ఉష్ణోగ్రతతో కాక చెరువు వారీగా కట్టాలి. సాగునీటి శాఖ దగ్గర చెరువు మట్టాల లెక్కలున్నాయి, పశుసంవర్ధక శాఖ దగ్గర పేడ పరీక్షల ఫలితాలున్నాయి. రెండింటినీ ఒక చోట చేర్చి చదివే పని పశువైద్య విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. అంతవరకు కాపరులు చేయగలిగినవి మూడున్నాయి: నీరు తీసిన శిఖంలో అంచు పచ్చికను మేపకపోవడం, నీట నానిన వరి గడ్డి మొదళ్లను బాగా ఎండబెట్టాకే వేయడం, మందకు తొట్టి నీళ్లు పెట్టడం. ఈ మూడూ జలగ చక్రాన్ని పశువు నోటి దగ్గరే తెంపుతాయి.